లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన మారుతి వ్యానుకు ఇంటి దగ్గరే మేజర్ సర్వీసు

ముత్తుకూరు సెంటర్లో పది నిమిషాలు నిలబడితే పోర్టుకు పోయే లారీలు, రొయ్యల గుంటలకు పోయే మోటారు సైకిళ్ళు, వాటి మధ్యన కనీసం ఒక పాత మారుతి వ్యాను తప్పక కనిపిస్తుంది. సుజుకీ కంపెనీ వారి క్యారీ అనే బండిని ఆధారం చేసుకుని 1984లో మన దేశంలో మారుతి వ్యానుగా మొదలై, తరువాత ఓమ్ని అనే పేరు పెట్టుకుని, 2019లో తయారీ నిలిచిపోయిన బండి ఇది. కంపెనీ ఆపేసినా మన పల్లెలు ఆపలేదు. పెళ్ళికి ఇదే, ఆసుపత్రికి ఇదే, మేత బస్తాలకూ ఇదే. మన హాస్టల్లో చదువుకుని వెళ్ళిన అన్నలు కొందరి ఇళ్ళలో మొట్టమొదటి కారు కూడా ఇదే. అదీ రెండో చేతి నుంచో, మూడో చేతి నుంచో వచ్చినది.

అలాంటి బండి ఒకటి మా మిత్రుడి ఇంట్లో ఉంది. అతని నాయన రొయ్యల గుంటలు కౌలుకు తీసుకుని చేస్తారు. 2009లో రిజిస్టరైన ఆ వ్యానుకు 2024లో పదిహేనేళ్ళు నిండవచ్చాయి. మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళే చెల్లుతుంది. ఆ తరువాత బండిని రవాణా శాఖ వారికి చూపించి, తనిఖీలో నెగ్గితే ఐదేళ్ళకు పొడిగిస్తారు. ఈ పొడిగింపు ఫీజును 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుండి 5,000 రూపాయలకు పెంచారు కూడా. తనిఖీకి ముందు మేజర్ సర్వీసు చేయిద్దామని నెల్లూరులో ఒక వర్క్‌షాపుకు తీసుకువెళితే, బండి కిందికి టార్చిలైటు అయినా వేయకుండా ఒక చీటీ రాసి ఇచ్చారు. ఆ చీటీలోని మొత్తం ఆ ఇంటి మూడు నెలల ఖర్చు. బండి అమ్మేద్దామా అన్నంత దాకా వచ్చింది ఇంట్లో మాట. అమ్మితే వచ్చేది పాత ఇనుము ధర. మళ్ళీ మేత బస్తాలు తేవాలంటే ప్రతిసారీ ఆటో బాడుగ.

అప్పుడు ఒకే హాస్టల్లో పెరిగిన మేము నలుగురం కలిసి ఈ పని ఇంటి దగ్గరే చేయాలని కూర్చున్నాము. ముగ్గురం పీజీ విద్యార్థులం. నాలుగోవాడు మాకంటే రెండేళ్ళు పెద్ద, పదో తరగతి తరువాత ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు చదివిన అన్న. (ఆయన ఐటీఐలో చేరిన రోజు హాస్టల్లో 'పాపం, ఇంటర్ సీటు రాలేదు' అన్నవాళ్ళు ఉన్నారు. ఈ పని పొడవునా గురువు ఆయనే, శిష్యులం మేమే.) మూడు ఆదివారాలు పట్టింది. ఏమి చేశామో, ఎందుకు చేశామో, ఏది చేయకుండా మేస్త్రికి వదిలేశామో ఇక్కడ వివరిస్తాము.

ఇంతకీ మేజర్ సర్వీసు అంటే ఏమిటి?

మామూలు సర్వీసు అంటే ఇంజను ఆయిలు, ఫిల్టరు మార్చి, నీళ్ళతో కడిగి ఇవ్వడం. బండి లక్ష కిలోమీటర్లు దాటాక ఇది చాలదు. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోనివి ఉంటాయి. గేరు బాక్సు ఆయిలు, వెనుక హౌసింగు ఆయిలు, బ్రేక్ ఆయిలు, కూలెంటు, టైమింగ్ బెల్టు, రబ్బరు గొట్టాలు, చక్రాల బేరింగుల్లోని గ్రీజు. ఇవన్నీ ఒక్కసారి విప్పి, చూసి, మార్చవలసినవి మార్చడమే మేజర్ సర్వీసు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. బండి వయసును మీటరు ఒక్కటే చెప్పదు. మా మిత్రుడి వ్యాను మీటరు లక్షా యాభై రెండు వేలు చూపిస్తున్నది. హైవే మీద తిరిగిన బండికి అది పెద్ద లెక్క కాదు. కాని ఈ బండి రోజూ ఇంటి నుంచి గుంటకు, గుంట నుంచి ఇంటికి రెండు మూడు కిలోమీటర్లే తిరుగుతుంది. అంత తక్కువ దూరంలో ఇంజను పూర్తిగా వేడెక్కదు. పెట్రోలు మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి కొంత ఆయిల్లోకి దిగుతుంది. ఇంజను బాగా వేడెక్కితే అది ఆవిరై పోతుంది, లేకపోతే ఆయిల్లోనే ఉండిపోయి దాన్ని పాడు చేస్తుంది. కనుక తక్కువ తిరిగిన బండి బాగుంటుందని అనుకోవడం పొరపాటు. దీనికి తోడు మన ఉప్పుగాలి. ఈ మూడింటినీ, అంటే దూరాన్ని, వయసును, ఉప్పును కలిపి చూస్తేనే ఏది ముందు విప్పాలో తెలుస్తుంది.

ఆ వర్క్‌షాపు చీటీలో మొదటి రెండు పద్దులు ఇంజను ఫ్లషింగు, ఇంజను పాలిషు. మా ఐటీఐ అన్న ఆ చీటీని తిరగేసి, దాని వెనుక తన వరుస రాశాడు. బండిని ఆపేవి మొదట, బండిని మోసేవి తరువాత, బండిని నడిపేవి ఆ తరువాత, మెరిపించేవి చివర. మేము ఆ వరుసనే పాటించాము. ఇంజను చెడితే బండి దారిలో నిలిచిపోతుంది, అంతే. బ్రేకు చెడితే ఏమవుతుందో పోర్టు రోడ్డు మీద లారీల మధ్య బండి నడిపేవారికి చెప్పనక్కర లేదు.

జాకీ, ఇసుక నేల

పనిముట్లు పెద్దగా అవసరం లేదు. రింగు పానాల సెట్టు, ప్లగ్గు పానా, స్క్రూడ్రైవర్లు, ఒక పాత తొట్టి, గుడ్డపీలికలు, గ్రీజు, టార్చిలైటు. బండితో వచ్చిన యజమాని పుస్తకం దొరికితే అన్నిటికంటే మేలు. ఏ ఆయిలు ఎంత పోయాలి, ఏ నట్టు ఎంత బిగించాలి అనే కొలతలు అందులోనే ఉంటాయి. ఒక్కో మోడలుకు అవి మారుతాయి కనుక మేము ఇక్కడ రాయడం లేదు.

కాని జాకీ గురించి మాత్రం వివరంగా రాయాలి. ఇంటి దగ్గర చేసే పనిలో ప్రాణానికి ముప్పు ఉన్నది ఇక్కడే.

జాకీ బండిని ఎత్తడానికే గాని, ఎత్తిన బండిని మోస్తూ ఉండడానికి కాదు. బండితో ఇచ్చే జాకీ టైరు మార్చుకోవడం కోసం ఇచ్చినది. దాని మీద బండిని నిలిపి కింద దూరకూడదు. మన ఇళ్ళ ముందు నేల ఇసుక నేల. ఉదయం గట్టిగా ఉన్నట్లు కనిపించిన నేల, బరువు పడిన అరగంటకు ఒక పక్కకు దిగుతుంది. జాకీ వాలుతుంది, బండి జారుతుంది. కనుక జాకీ కింద, స్టాండ్ల కింద మందమైన వెడల్పాటి పలక వేయాలి. వీలైతే సిమెంటు చప్టా మీదనే పని చేయాలి. మేము మిత్రుడి ఇంటి ముందు కళ్ళం లాగా వాడుకునే చప్టా మీద చేశాము. రెండు స్టాండ్లు ఐటీఐ అన్న తాను పనిచేసే చోట అడిగి తెచ్చాడు.

స్టాండ్లు లేనివారు ఇటుకలు పేరుస్తారు. ఇది ఎంత మాత్రం పనికిరాదు. ఇటుక కొంచెం కొంచెంగా వంగి హెచ్చరించదు. ఒక్కసారిగా పగిలి పొడి అవుతుంది. కాంక్రీటు ఇటుకలూ అంతే. చదరంగా కోసిన గట్టి కట్టె దిమ్మెలు కొంత నయం. వాటితో పాటు విప్పిన చక్రాన్ని, స్టెప్నీని బండి అడుగున పడుకోబెట్టాలి. ఒకవేళ బండి జారినా వాటి మీద ఆగి మనిషికి ఖాళీ మిగులుతుంది. నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనుకా రాళ్ళు పెట్టాలి. వెనుక భాగం ఎత్తితే హ్యాండ్ బ్రేకు పనిచేయదు, ఎందుకంటే అది పట్టుకునేది వెనుక చక్రాలనే. బండిని నిలబెట్టాక కిందికి పోయే ముందు పక్కనుంచి గట్టిగా ఊపి చూడాలి. పడేదైతే అప్పుడే పడాలి. కింద మనిషి ఉండగా ఎవరూ బండి ఎక్కకూడదు, తలుపు దబాలున వేయకూడదు. ఒంటరిగా ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోకూడదు.

మన తీరంలో ఇంకో చిక్కు ఉంది. జాకీ ఆనించే చోటనే బండి అడుగు తుప్పు పట్టి ఉంటుంది. పైకి రంగు ఉంటుంది, లోపల రేకు అప్పడంలాగా ఉంటుంది. జాకీ దాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అందుకే ముందుగా స్క్రూడ్రైవరు పిడితో తట్టి చూడాలి. గట్టి రేకు ఖంగున మోగుతుంది, తుప్పు రేకు మెత్తగా పలుకుతుంది.

తుప్పు కథ

మొదటి ఆదివారం మొత్తం తుప్పుకే పోయింది. అది వృథా అని మేము అనుకోవడం లేదు.

ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజన్ కలిస్తే తుప్పు అని హైస్కూల్లో చదువుకున్నాము. మరి ఉప్పు ఏమి చేస్తుంది? తుప్పు పట్టడం అంటే ఇనుములో ఒక చోటి నుంచి మరొక చోటికి ఎలక్ట్రాన్లు పోవడం. ఆ వలయం పూర్తి కావాలంటే పైనున్న తడి పొరలో అయాన్లు కదలాలి. మంచినీటిలో అవి తక్కువ, ఉప్పునీటిలో ఎక్కువ. కనుక ఉప్పు తగిలితే అదే తుప్పు చాలా త్వరగా పడుతుంది. పైగా ఉప్పు రాత్రిపూట గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వాన లేకపోయినా బండి అడుగు తడిగానే ఉంటుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రంగు బుడగలు పొంగడానికి కారణం అదే. బుడగ కనిపించిందంటే లోపల పని చాలా దూరం పోయిందని అర్థం.

రబ్బరు మ్యాట్లు తీసి చూశాము. రొయ్యల ట్రేలలోంచి కారిన నీరు మ్యాటు కింద చేరి, ఎండక, నేల రేకును రెండు చోట్ల తినేసింది. పక్క తలుపు జరిగే పట్టీ, వెనుక కమాను కట్టలు వేలాడే కొక్కేలు, చక్రాల పైనున్న మడతలు, ఇవన్నీ తుప్పు దాక్కునే చోట్లు. మంచినీటితో అడుగంతా కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఇనుప బ్రష్షుతో, ఉప్పు కాగితంతో మెరిసే ఇనుము వచ్చేదాకా గీకి, రెడ్ ఆక్సైడ్ ప్రైమరు, దాని మీద అడుగు భాగాలకు వేసే నల్లని కోటింగు వేశాము. తడి మీద గాని, తుప్పు మీద గాని కోటింగు వేస్తే లాభం లేదు సరికదా, తేమను లోపల బంధించి ఇంకా చెరుపు చేస్తుంది. రంధ్రాలు పడిన రెండు చోట్ల వెల్డింగు పెట్టించవలసి వచ్చింది. అది ఇంటి పని కాదు. పెట్రోలు ట్యాంకు, గొట్టాలు ఉన్న బండికి వెల్డింగు అనుభవం ఉన్నవారే చేయాలి, బ్యాటరీ కనెక్షను తీసిన తరువాతనే చేయాలి.

ఈ గీకుడులోనే అసలు సంగతి బయటపడింది. బ్రేక్ ఆయిలును వెనుక చక్రాలకు తీసుకుపోయే సన్నని ఇనుప గొట్టం బండి అడుగున పొడవునా పోతుంది. దాన్ని పట్టుకునే క్లిప్పు ఒకచోట తీస్తే, క్లిప్పు కింద గొట్టం తుప్పుతో ఉబ్బి ఉంది. గోటితో గీకితే పొరలు రాలాయి. బ్రేకు గట్టిగా తొక్కిన ఏదో ఒక రోజు అక్కడ చీలి ఉండేది. వేలకు వేలు రాసిన ఆ చీటీలో ఈ గొట్టం ఊసే లేదు. కింద పడుకుని చూడనివారికి అది కనపడదు.

గొట్టం మార్చడం మాత్రం మేము చేయలేదు. దాని చివరలను ప్రత్యేకమైన పనిముట్టుతో గరాటులాగా విప్పాలి. బ్రేకులు వాడకుండా బండిని తాడుతో లాగించడం ప్రమాదం కనుక, పాత గొట్టాన్ని జాగ్రత్తగా విప్పి, దాన్నే కొలతగా మేస్త్రికి చూపించి కొత్తది చేయించుకుని వచ్చాము.

బ్రేకులు

ఈ బండికి ముందు డిస్కు బ్రేకులు, వెనుక డ్రమ్ము బ్రేకులు. వెనుక డ్రమ్ములు రెండూ పట్టుకుపోయి ఉన్నాయి. సుత్తితో ఎక్కడ పడితే అక్కడ కొట్టకుండా, చుట్టూ కొద్దికొద్దిగా తట్టుతూ తీయాలి. లోపలి దుమ్మును నోటితోగాని, గాలి పంపుతోగాని ఊదకూడదు. పాత బ్రేకు షూలలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, అది ఊపిరితిత్తులకు చెరుపు. తడి గుడ్డతో తుడవాలి. షూలు ఎంత అరిగాయో, చక్రం సిలిండరు రబ్బరు మూత కింద తడి ఉందో చూడాలి. తడి ఉంటే ఆయిలు కారుతున్నట్లు లెక్క. మా బండికి ఒక పక్క కారుతున్నది. సిలిండర్లు రెండు పక్కలా మార్చాము. షూలు కూడా అంతే, ఒక పక్క మారిస్తే రెండో పక్కా మార్చాలి. లేకపోతే బ్రేకు తొక్కినప్పుడు బండి ఒకవైపు లాగుతుంది. స్ప్రింగులు ఎక్కడివి అక్కడ గుర్తుండాలంటే ఒక చక్రం పూర్తి చేశాకే రెండోది విప్పాలి. రెండోది చూసి మొదటిది బిగించవచ్చు. సెల్‌ఫోనులో ఫోటో కూడా తీసుకున్నాము.

బ్రేక్ ఆయిలు అని మనం అంటాము గాని అది నూనె కాదు. గ్లైకాల్ జాతి ద్రవం. దీనికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. కొత్త డాట్ 3 రకం ద్రవం కనీసం 205 డిగ్రీల సెంటీగ్రేడు దాకా మరగదు. అదే నూటికి మూడున్నర పాళ్ళకు పైగా నీరు చేరితే 140 డిగ్రీలకే మరగవచ్చు. ద్రవాన్ని నొక్కితే నలగదు, ఆవిరిని నొక్కితే నలుగుతుంది. పెడలు నేలకు తగిలినా బండి ఆగకపోవడానికి ఇది ఒక కారణం. మన సముద్ర తీరపు గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువే కనుక రెండేళ్ళకొకసారి దీన్ని మార్చడం మంచిది. మేము తీసినది కాఫీ డికాషను రంగులో ఉంది.

మార్చే పద్ధతి ఇది. మాస్టర్ సిలిండరు డబ్బాలో కొత్త ద్రవం నిండుగా పోసి, దానికి దూరంగా ఉన్న చక్రంతో మొదలు పెట్టాలి. మన బండ్లకు స్టీరింగు కుడివైపు కనుక వరుస ఎడమ వెనుక, కుడి వెనుక, ఎడమ ముందు, కుడి ముందు. చక్రం దగ్గరి బ్లీడింగు నట్టుకు సన్నని ప్లాస్టిక్ గొట్టం తొడిగి, దాని కొస కొత్త ద్రవం ఉన్న సీసాలో ముంచి ఉంచాలి. ఒకరు పెడలు తొక్కి పట్టుకుంటారు. ఇంకొకరు నట్టు పావు వంతు వదులు చేస్తారు. ద్రవం, బుడగలు వస్తాయి. నట్టు బిగించిన తరువాతనే కాలు తీయాలి.

"తొక్కు!"

"తొక్కినానన్నా!"

"పట్టుకో... ఆఁ, ఇప్పుడు వదులు!"

ఈ మూడు మాటలు ఆ మధ్యాహ్నం ఎన్నిసార్లు అనుకున్నామో లెక్క లేదు. బుడగలు ఆగి, శుభ్రమైన ద్రవం వచ్చేదాకా చేయాలి. మధ్యలో డబ్బా ఖాళీ కాకూడదు, అయితే గాలి దూరి మొదటికి వస్తుంది. ఈ ద్రవం రంగు మీద పడితే రంగు లేస్తుంది, వెంటనే నీళ్ళతో కడగాలి. బ్రేకు లోపలి రబ్బర్లకు పెట్రోలు, మామూలు గ్రీజు తగలనీయకూడదు. అవి ఉబ్బి పాడవుతాయి. అంతా అయ్యాక మేస్త్రిని ఇంటికి పిలిపించి చూపించి, ఆయన నడిపి సరే అన్న తరువాతనే బండిని గేటు దాటించాము. బ్రేకులను మొదటిసారి విప్పినవారు ఎవరైనా ఈ ఖర్చుకు వెనకాడకూడదు.

ఇంజను

మారుతి వ్యానులో ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది. సీటు పైకి లేపితే కనిపిస్తుంది. 796 సీసీ, మూడు సిలిండర్లు. ఇంజను ఆయిలు మార్చడం అందరికీ తెలిసినదే కనుక క్లుప్తంగా చెబుతాము. ఇంజను కొద్దిగా వేడిగా ఉన్నప్పుడు కింది బోల్టు తీస్తే ఆయిలు పలుచగా ఉండి అడుగు మురికితో సహా దిగుతుంది. మరీ వేడిగా ఉంటే చేయి కాలుతుంది. కొత్త ఫిల్టరు రబ్బరుకు కాస్త ఆయిలు రాసి, ఆనిన తరువాత ముప్పావు చుట్టు చేతితోనే బిగించాలి. పానాతో బిగిస్తే తరువాత తీయడం గండం.

ఆయిలు నల్లబడితే పాడైపోయిందని కొందరు, నల్లబడకపోతే మంచిదని కొందరు అనుకుంటారు. ఇంజనులోని మసిని కడిగి తనలో ఉంచుకునే మందులు ఆయిల్లో కలిపి ఉంటాయి. నల్లబడిందంటే అది తన పని చేస్తున్నదన్న మాట. డబ్బా మీద 20 డబ్ల్యూ 40 అని ఉంటుంది. ఇందులో డబ్ల్యూ అంటే చలికాలం. మొదటి అంకె చల్లగా ఉన్నప్పటి చిక్కదనాన్ని, రెండోది వేడెక్కాక ఉండే చిక్కదనాన్ని సూచిస్తాయి.

మూడు ప్లగ్గులు తీసి వరుసగా కాగితం మీద పెట్టి చూడండి. లేత గోధుమ రంగో, బూడిద రంగో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్లు. పొడిగా నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ మండుతున్నట్లు, లేదా గాలి ఫిల్టరు మూసుకుపోయినట్లు. తడిగా జిడ్డుగా ఉంటే ఆయిలు పైకెక్కుతున్నట్లు. అది రింగులదో, వాల్వు సీళ్ళదో, సర్వీసుతో పోయే జబ్బు కాదు. మా బండిలో రెండు బాగున్నాయి, ఒకటి కొంచెం జిడ్డు. పొగ నీలంగా రావడం లేదు కనుక ప్లగ్గులు మార్చి, ఆయిలు మట్టం నెలకొకసారి చూడమని నాయనకు చెప్పాము. గాలి ఫిల్టరు తీస్తే పోర్టు రోడ్డు దుమ్ము గుప్పెడు రాలింది.

టైమింగ్ బెల్టు సంగతి వేరు. కింద క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరిగితే పైన క్యామ్ షాఫ్టు ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా చూసేది పళ్ళున్న ఈ రబ్బరు బెల్టు. పైన మూత ఉంటుంది కనుక కంటికి కనపడదు. తెగేముందు శబ్దం కూడా చేయకపోవచ్చు. తెగితే ఇంజను ఉన్నచోటనే ఆగిపోతుంది. కొన్ని రకాల ఇంజన్లలో పిస్టను వాల్వులను గుద్ది మొత్తం ఇంజను పోతుంది. ఈ బండికి బెల్టు ఎప్పుడు మార్చారో ఎవరికీ గుర్తు లేదు. గుర్తు లేదంటే మార్చవలసిందే. ఒక పన్ను పక్కకు పడినా లెక్క తప్పుతుంది కనుక ఇది, దీనితో పాటే వాల్వుల సందు సరిచేయడం మేస్త్రికే ఇచ్చాము. ఆయన చేస్తుండగా పక్కన నిలబడి గుర్తులు ఎలా కలుపుతారో చూశాము. ఆ అరగంటలో నేర్చుకున్నది తక్కువ కాదు.

రేడియేటరు మూత ఇంజను చల్లారకుండా తీయకూడదు. ఒత్తిడిలో ఉన్న వేడి నీరు ముఖానికి చిమ్ముతుంది. మన వైపు బోరు నీటిలో లవణాలు ఎక్కువ. టీ గిన్నెలో తెల్లగా గార కట్టినట్లే రేడియేటరు గొట్టాల్లోనూ కడుతుంది. కనుక కూలెంటులో డిస్టిల్డ్ వాటర్ మాత్రమే కలపాలి. పాత కూలెంటు తియ్యగా ఉంటుంది కాని విషం. కుక్కలు, పిల్లలు తాగే ప్రమాదం ఉంది, నేల మీద వదలకూడదు.

గేరు బాక్సు, హౌసింగు

ఇక్కడ ఒక్క చిట్కా చాలు. కింది బోల్టు తీసేముందు పై బోల్టు, అంటే ఆయిలు పోసే బోల్టు వస్తుందో లేదో చూడండి. అది తుప్పు పట్టి రాకపోతే, ఉన్న ఆయిలు వదిలేసి కొత్తది పోయలేక బండి అక్కడే కూర్చుంటుంది. హౌసింగులో ఆయిలు పాలు కలిపిన కాఫీలాగా వచ్చింది. నీరు కలిసిందని దాని అర్థం. 2021 నవంబరు వానలకు నెల్లూరు చుట్టుపక్కల రోడ్లు మునిగినప్పుడు ఈ బండి నీళ్ళలోంచి వచ్చిందట. వేడిగా ఉన్న హౌసింగు ఒక్కసారి నీటిలో చల్లబడితే లోపలి గాలి కుంచించుకుని, గాలి రంధ్రం గుండా నీటిని పీలుస్తుంది. వానల్లో నీళ్ళు దాటిన బండి ఏదైనా ఈ ఆయిలు చూసుకోవడం మంచిది. గేరు బాక్సుకు, హౌసింగుకు ఒకే 'నైంటీ ఆయిలు' పోసే అలవాటు ఉంది. పుస్తకంలో రెంటికీ వేరు రకాలు చెబితే వేరుగానే పోయాలి.

బ్యాటరీ దగ్గర ముందు నెగెటివ్ తీగ తీయాలి, బిగించేటప్పుడు చివర బిగించాలి. లేకపోతే పానా బాడీకి తగిలి నిప్పు రవ్వలు లేస్తాయి. టెర్మినళ్ళ మీది పూతను గోరువెచ్చని నీటిలో వంటసోడా కలిపి కడిగి, ఆరాక వాజలీన్ రాశాము. ఇంజను నుంచి బాడీకి వచ్చే ఎర్తు తీగ చివర తుప్పు గీకి బిగించగానే, ఎన్నాళ్ళుగానో మినుకుమినుకుమంటున్న హెడ్‌లైటు సరిగా వెలిగింది. దానికోసం అంతకుముందు రెండు బల్బులు మార్చారట!

పాత ఆయిలు ఏమి చేయాలి?

మన ఊళ్ళలో దీన్ని చెదలు పట్టకుండా గుంజలకు పూస్తారు, సెంట్రింగు పలకలకు రాస్తారు, మిగిలింది కాలువలో పారబోస్తారు. ఈ చివరిది మాత్రం మన తిండిలో మనమే మట్టి పోసుకోవడం. నీటి మీద నూనె పొర పరుచుకుంటే గాలిలోని ఆక్సిజన్ నీటిలోకి దిగడం తగ్గుతుంది. గుంటల్లో ఏరేటర్లు తిప్పేది ఆ ఆక్సిజన్ కోసమే గదా. 1991 నుంచి మత్స్య కళాశాల ఉన్న ఊరు మనది, ఈ మాట ఎవరినడిగినా చెబుతారు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం వాడిన ఆయిలు అనుమతి ఉన్న రీసైక్లింగు వారికే చేరాలి. మేము మూతలున్న క్యాన్లలో నింపి, అలాంటి వారికి డ్రమ్ములు పంపే ఒక వర్క్‌షాపులో ఇచ్చాము. బ్రేక్ ఆయిలు, కూలెంటు దానిలో కలపకుండా వేరుగా ఉంచాలి.

తనిఖీ రోజు

తనిఖీ చేసిన ఇన్‌స్పెక్టరు గారు ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, లైట్లు, హారను, ఇండికేటర్లు, బ్రేకులు, టైర్లు, కాలుష్యం సర్టిఫికెట్టు చూశారు. టైరు గాడి లోతు కార్లకు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, 2318 అంటే 2018వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని. గాడి ఉన్నా వయసు మీరిన టైరు పగుళ్ళు తీస్తుంది. మా బండికి రెండు టైర్లు అందుకే మార్చవలసి వచ్చింది, మొత్తం ఖర్చులో పెద్ద పద్దు అదే. టైర్లు, మేస్త్రి కూలి, వెల్డింగు అన్నీ కలిపినా చీటీలో రాసినదానిలో సగం దాటలేదు. రిజిస్ట్రేషన్ ఐదేళ్ళకు పొడిగించారు.

చివరగా ఒక నలభై పేజీల నోటుపుస్తకం కొని, తేదీ, మీటరు అంకె, మార్చిన వస్తువు, మళ్ళీ ఎప్పుడు మార్చాలి అని నాలుగు గడులు గీసి బండిలో పెట్టాము. నాయనకు చదవడం రాదు కనుక ప్రతి వరుసకూ పక్కన బొమ్మ గీశాము. ఆయిలుకు చుక్క, బ్రేకుకు చక్రం, బెల్టుకు ఉంగరం. ఇంజను ఆయిలుకు కిలోమీటర్లు, తేదీ రెండూ రాశాము, ఏది ముందు వస్తే అది. బ్రేక్ ఆయిలుకు, కూలెంటుకు మాత్రం కిలోమీటర్లు రాయలేదు, తేదీ ఒక్కటే రాశాము. గుంట గట్టున కదలకుండా నిలబడిన బండిలో కూడా అవి పాడవుతూనే ఉంటాయి.